మూడు సెకన్లకో బొమ్మ: స్కాన్ రిపోర్టులో తప్పు ఎక్కడ పుడుతోంది?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పోర్ట్స్‌మౌత్ అనే ఓడరేవు పట్టణం ఉంది. అక్కడి క్వీన్ అలెగ్జాండ్రా ఆస్పత్రిని 2017లో తనిఖీ చేసిన కేర్ క్వాలిటీ కమిషన్ ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. ఏడాది కాలంలో తీసిన ఛాతీ ఎక్స్‌రేల్లో 23 వేలకు పైగా రేడియాలజిస్టు గానీ, తగిన శిక్షణ ఉన్న మరొకరు గానీ పద్ధతి ప్రకారం చూడనే లేదు. ఆ పనిని తగినంత శిక్షణ లేని జూనియర్ డాక్టర్ల మీద వదిలేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ముగ్గురు రోగులకు దీనివల్ల తీవ్ర నష్టం జరిగిందని కమిషన్ తేల్చింది.

ఇక్కడ మెషిన్ చెడిపోలేదు. ఎక్స్‌రే సరిగ్గానే వచ్చింది. జబ్బు ఆనవాలు ఉన్న బొమ్మ ఆస్పత్రి కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని చూడాల్సిన కళ్లకే తీరిక లేకపోయింది. మరుసటి ఏడాది అదే కమిషన్ దేశం మొత్తం మీద పరిశీలన జరిపితే ఇంకో సంగతి తెలిసింది. ఎమర్జెన్సీలో తీసిన ఎక్స్‌రేకు రిపోర్టు ఇవ్వడానికి ఒక ఆస్పత్రి పెట్టుకున్న గడువు గంట అయితే, మరో ఆస్పత్రి పెట్టుకున్నది రెండు పనిదినాలు. ఒకే దేశం, ఒకే ప్రభుత్వ వైద్య వ్యవస్థ, కానీ రోగి ఏ గడప తొక్కాడన్న దాన్ని బట్టి అతని అదృష్టం మారిపోతోంది.

ఇదంతా బ్రిటన్ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. డబ్బు, మెషిన్లు, నిబంధనలు అన్నీ ఉన్న దేశంలోనే ఇలా జరిగితే, రేడియాలజిస్టు దొరకడమే కష్టమైన మన దేశంలో పరిస్థితి ఏమిటన్నదే అసలు ప్రశ్న.

పని ఎలా పెరిగింది?

పాత రోజుల్లో ఎక్స్‌రే అంటే ఒక ఫిల్ము, మహా అయితే రెండు. లైట్ బాక్స్ మీద పెట్టి డాక్టర్ చూసేవారు. సీటీ స్కాన్ వచ్చాక లెక్క మారింది. శరీరాన్ని పల్చని పొరలుగా కోసినట్టు చూపిస్తుంది కాబట్టి ఒక్క రోగికే వందల బొమ్మలు వస్తాయి. ఎంఆర్‌ఐ కూడా అంతే. మెషిన్ వేగం ఏటా పెరిగింది. మనిషి కంటికి మాత్రం ఆ వేగం రాలేదు.

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 1999 నుంచి 2010 వరకు తమ దగ్గర జరిగిన సీటీ, ఎంఆర్‌ఐల లెక్క తీశారు. 1999లో ఒక రేడియాలజిస్టు నిమిషానికి దాదాపు 3 బొమ్మలు చూస్తే సరిపోయేది. 2010 నాటికి అది 16కు చేరింది. అంటే ఎనిమిది గంటల డ్యూటీలో మూడు నాలుగు సెకన్లకో బొమ్మ చూస్తూ పోవాలి. మధ్యలో ఫోన్ ఎత్తకూడదు, చాయ్ తాగకూడదు, జూనియర్ వచ్చి సందేహం అడగకూడదు. ఇది 2010 నాటి మాట. ఆ తర్వాత స్కాన్ల సంఖ్య తగ్గిన దాఖలా ఏ దేశంలోనూ లేదు.

బ్రిటన్‌లో అవసరమైన రేడియాలజిస్టుల్లో దాదాపు 30 శాతం మంది కొరత ఉందని అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ చెబుతోంది. అమెరికాలో ప్రతి లక్ష మందికి పది మందికి పైగా రేడియాలజిస్టులు ఉన్నా అక్కడా కొరతే అంటున్నారు. మన దేశంలో రేడియాలజిస్టులు దాదాపు 20 వేలు అని సాధారణంగా చెబుతుంటారు. 140 కోట్ల జనాభాకు పంచి చూస్తే ఎంత వస్తుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

చూసినా కనబడకపోవడం

ఈ రంగంలో తప్పుల చర్చ కొత్తది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన రేడియాలజిస్టు హెన్రీ గార్లాండ్ 1949లోనే దీన్ని లెక్కలతో సహా ముందు పెట్టారు. జబ్బు ఉన్న ఛాతీ ఎక్స్‌రేలను అనుభవం ఉన్న డాక్టర్లకు చూపిస్తే, దాదాపు 30 శాతం చోట్ల జబ్బు వాళ్ల కంట పడలేదు. ఆ రోజుల్లో తోటి డాక్టర్లకు ఈ మాట మింగుడు పడలేదు. తర్వాత ఎన్ని అధ్యయనాలు జరిగినా ఆ అంకె పెద్దగా మారలేదు.

అయితే దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ప్రతి మూడు రిపోర్టుల్లో ఒకటి తప్పు అని దీని అర్థం కాదు. గార్లాండ్ లెక్క జబ్బు ఉందని ముందే తేలిన ఫిల్ముల సంగతి. రోజూ వచ్చే స్కాన్లలో చాలావరకు నార్మల్‌గానే ఉంటాయి. అన్నీ కలిపి చూస్తే తప్పులు 3 నుంచి 5 శాతం మధ్య ఉంటాయని అంచనా. వాటిలో కూడా అన్నీ ప్రాణం మీదికి వచ్చేవి కావు. కానీ రోజుకు వంద స్కాన్లు చదివే డాక్టర్‌కు 3 శాతం అంటే రోజుకు మూడు. అందులో ఒక్కటి క్యాన్సర్ గడ్డ అయినా ఒక కుటుంబం తలకిందులవుతుంది.

ఈ తప్పుల్లో ఎక్కువ భాగం తెలియనితనం వల్ల జరగడం లేదు. 60 నుంచి 80 శాతం వరకు "చూపు తప్పులే". అంటే మచ్చ బొమ్మలో ఉంది, తర్వాత వెనక్కి వెళ్లి చూస్తే అందరికీ కనబడుతుంది, ఆ పూట మాత్రం డాక్టర్ కంటికి ఆనలేదు. మచ్చను చూసి కూడా దాని అర్థాన్ని తప్పుగా చెప్పడం రెండో రకం. అది తక్కువ.

2013లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. ఊపిరితిత్తుల సీటీ బొమ్మల్లో పరిశోధకులు చిన్న గొరిల్లా బొమ్మను ఇరికించారు. డాక్టర్లు వెతుకుతున్న గడ్డ కంటే అది 48 రెట్లు పెద్దది. 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మందికి గొరిల్లా కనబడలేదు. కంటి కదలికలను కొలిచే పరికరంతో చూస్తే, ఆ 20 మందిలో 12 మంది నేరుగా దాని మీదే చూపు నిలిపారు. కన్ను చూసింది, మనసు పట్టించుకోలేదు. గడ్డ కోసం వెతుకుతున్న మెదడుకు గడ్డ కానిదేదీ లెక్కలోకి రాలేదన్నమాట.

ఇంకో బలహీనత ఉంది. ఒక జబ్బు దొరకగానే వెతుకులాట నెమ్మదిస్తుంది. యాక్సిడెంట్ కేసులో విరిగిన పక్కటెముక కనబడింది, హమ్మయ్య దొరికింది అనుకునేసరికి పక్కనే ఉన్న రెండో గాయం మీద చూపు పడదు. ఇది మనిషి స్వభావం. డిగ్రీలు, గోల్డ్ మెడల్స్ దీన్ని పూర్తిగా పోగొట్టలేవు. దీన్ని తట్టుకోవాలంటే రెండోసారి చూసే సమయం కావాలి. సరిగ్గా ఆ సమయమే ఇప్పుడు లేదు.

తొందరకు మూల్యం ఎంత?

తొందర పెడితే ఏమవుతుందో 2015లో అచ్చైన ఒక చిన్న అమెరికన్ అధ్యయనం చూపించింది. ఐదుగురు రేడియాలజిస్టులకు కడుపు భాగం సీటీ స్కాన్లు ఇచ్చారు. మామూలు వేగంతో చదివినప్పుడు పెద్ద తప్పులు 10 శాతం. వేగం రెట్టింపు చేయమంటే అవి 26.6 శాతానికి చేరాయి. ఐదుగురి మీద చేసిన పరీక్షను ప్రపంచానికంతటికీ వర్తింపజేయడం కుదరదు, నిజమే. కానీ అది చూపిన దారి రోజువారీ అనుభవానికి విరుద్ధంగా ఏమీ లేదు. ఎవరి పనిలోనైనా వేగం రెట్టింపు చేస్తే తప్పులు పెరుగుతాయి. తేడా ఏమిటంటే, దర్జీ చొక్కా తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు.

వేగం ఒక్కటే కాదు. డాక్టర్ రాసి పంపే చీటీ కూడా కారణమే. "సీటీ బ్రెయిన్" అని రెండు ముక్కలు రాసి పంపితే, చదివే డాక్టర్‌కు ఏం వెతకాలో తెలియదు. "రెండు వారాలుగా తలనొప్పి, నిన్నటి నుంచి కుడి చేయి బలహీనం" అని రాస్తే చూపు సరైన చోటికి వెళుతుంది. ఓపీలో వందల మంది క్యూలో ఉంటే అక్కడి డాక్టర్‌కు ఆ ఒక్క వాక్యం రాసే తీరిక ఉండదు. అంటే ఓపీ గదిలోని పనిభారం కాగితం రూపంలో స్కానింగ్ గదికి చేరుతోంది.

మన దగ్గర ఏం జరుగుతోంది?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో గత పదేళ్లలో పరీక్షలు జనానికి దగ్గరయ్యాయి. ఇది కాదనలేని మంచి మార్పు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో ఉచిత డయాగ్నొస్టిక్స్ పథకం మార్గదర్శకాలు వచ్చాయి. జిల్లా ఆస్పత్రుల్లో సీటీ స్కాన్, కింది స్థాయి ఆస్పత్రుల ఎక్స్‌రేలకు టెలీరేడియాలజీ అందులో భాగం. హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు, వాటితో పాటు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ మొదలయ్యాయి. తర్వాత ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ సెంటర్లు కూడా తోడయ్యాయి. ఒకప్పుడు స్కాన్ అంటే బంగారం తాకట్టు పెట్టాల్సిన కుటుంబాలు ఇప్పుడు సర్కారు దవాఖానాలో ఫ్రీగా చేయించుకుంటున్నాయి.

కానీ ప్రారంభోత్సవాల్లో రిబ్బన్ కట్ చేసేది మెషిన్‌కే. పేపర్లో ఫోటో వచ్చేది మెషిన్‌దే. ఆ మెషిన్ నుంచి వచ్చే వేల బొమ్మలు ఎవరు చదువుతారు, రోజుకు ఎన్ని చదువుతారు, రిపోర్టు మీద సంతకం పెట్టేది ఎవరు అన్న ప్రశ్న ఆ సభల్లో వినబడదు. టెలీరేడియాలజీలో ఎక్స్‌రే ఒక ఊళ్లో తీస్తారు, చదివేవారు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. డాక్టర్లు లేని చోటికి ఇది వరమే. అయితే స్కాన్‌కు ఇంత అని లెక్కగట్టి డబ్బు చెల్లిస్తే, ఎక్కువ చదివితే ఎక్కువ సంపాదన అనే సూత్రం తనంతట తానే పనిచేయడం మొదలుపెడుతుంది. పేదవాడి ఎక్స్‌రేకు దక్కే సెకన్లు అక్కడే తగ్గుతాయి.

ఇంకో విచిత్రం చూడండి. మన దేశంలోని రేడియాలజిస్టులు 2000ల మొదటి నుంచే అమెరికా ఆస్పత్రుల రాత్రి స్కాన్లు చదువుతున్నారు. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పగలు కాబట్టి బెంగళూరులో ఈ పని పెద్ద వ్యాపారంగా ఎదిగింది. అక్కడి డాక్టర్ అర్ధరాత్రి నిద్ర కళ్లతో చదవడం కంటే ఇక్కడి డాక్టర్ పగటి వెలుగులో చదవడం రోగికి మేలు. అలసట తప్పుకు దారితీస్తుందని ఆ వ్యాపారం మొత్తం ఒప్పుకున్నట్టే కదా! మరి మన గాంధీలో, ఉస్మానియాలో రాత్రి డ్యూటీ చేసే పీజీ విద్యార్థి అలసట గురించి ఎవరు ఒప్పుకుంటున్నారు?

రెసిడెంట్ డాక్టర్ల పనిగంటలు మామూలుగా వారానికి 48 దాటకూడదని కేంద్రం 1992లోనే రెసిడెన్సీ పథకంలో రాసింది. ముప్పై ఏళ్లు గడిచాక, 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫార్సు చేసింది. 48 నుంచి 74కు పరిమితిని పెంచి, అదే సంస్కరణ అని చెప్పుకోవాల్సి వచ్చిందంటే, ఆచరణలో ఎన్ని గంటలు నడుస్తున్నాయో ఊహించవచ్చు.

గోడకు లెక్క ఉంది, కంటికి లేదు

మన చట్టాలు మెషిన్‌ను బాగానే కాపలా కాస్తాయి. ఎక్స్‌రే, సీటీ పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. రేడియేషన్ బయటికి రాకుండా గది గోడ ఎంత మందం ఉండాలో కూడా చూస్తారు. అల్ట్రాసౌండ్ మెషిన్‌కు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది. ప్రతి గర్భిణి స్కాన్‌కు ఫారం-ఎఫ్ నింపాలి. ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చిన ఈ నిబంధనలు అవసరమైనవే. కానీ ఒక డాక్టర్ ఒక్క రోజులో ఎన్ని స్కాన్లు చదవవచ్చు అన్న పరిమితి వీటిలో ఎక్కడా లేదు. లారీ డ్రైవర్ ఎన్ని గంటలు నడపాలో చట్టం చెబుతుంది. పైలట్ ఎన్ని గంటలు ఎగరాలో చెబుతుంది. మెదడులో రక్తస్రావాన్ని గుర్తించాల్సిన డాక్టర్ విషయంలో అలాంటి లెక్క లేదు.

తప్పు జరిగాక మాత్రం చట్టం ముందుకొస్తుంది. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టర్‌పై క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో తేల్చింది. రెండూ సమతూకం ఉన్న తీర్పులే. కానీ కోర్టు ముందుకు వచ్చేది సంతకం పెట్టిన ఒక్క డాక్టర్ పేరే. ఆ రోజు అతని చేత ఎన్ని స్కాన్లు చదివించారు, ఎన్ని గంటలు కూర్చోబెట్టారు అన్నది మేనేజ్‌మెంట్ రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది. పరిహారం ఎవరైనా చెల్లించవచ్చు, మరుసటి రోజు అదే కుర్చీలో ఇంకో డాక్టర్ అంతే వేగంతో చదువుతూ ఉంటాడు.

డాక్టర్లను వెనకేసుకురావడం ఈ మాటల ఉద్దేశం కాదు. ఫిల్ము తెరవకుండానే నార్మల్ అని రాసేసినా, తాను చూడని రిపోర్టు మీద తన సంతకం వాడనిచ్చినా అది పనిభారం కాదు, మోసం. ఆ రెండింటినీ విడదీసి చూడాలంటే పనిభారం లెక్క బయట ఉండాలి. లెక్క లేనప్పుడు నిజాయితీపరుడూ, మోసగాడూ ఒకే సాకు చెబుతారు.

ఏఐ వస్తే తీరిపోతుందా?

ఇప్పుడు అందరూ చూపిస్తున్న మందు ఏఐ. దీన్ని కొట్టిపారేయలేం. స్వీడన్‌లో 80 వేల మందికి పైగా మహిళల మీద రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ ట్రయల్ జరిగింది. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏఐ సాయం ఉన్న చోట వెయ్యి మందిలో సుమారు ఆరుగురికి, లేని చోట ఐదుగురికి క్యాన్సర్ బయటపడింది. డాక్టర్ల చదివే పని 44 శాతం తగ్గింది. క్షయ స్క్రీనింగ్‌లో ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటర్‌తో చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. రేడియాలజిస్టు ముఖమే చూడని మండలాల్లో చేతిలో పట్టుకునే ఎక్స్‌రే, దానికి జోడించిన ఏఐ క్షయను పట్టుకోగలిగితే అది పేదలకు నిజమైన లాభం.

కానీ ఒక తేడా గమనించాలి. స్వీడన్‌లో ప్రతి మామోగ్రామ్‌ను ఇద్దరు డాక్టర్లు చదవడం మామూలు పద్ధతి. ఏఐ అక్కడ రెండో జత కళ్ల పని తగ్గించింది. మన దగ్గర మొదటి జత కళ్లకే దిక్కు లేదు. ఉన్న ఒక్క డాక్టర్‌ను కూడా తీసేసి ఏఐ పెడితే అది వేరే ప్రయోగం, దానికి స్వీడన్ ఫలితం హామీ ఇవ్వదు. పైగా మెషిన్ "ఏమీ లేదు" అంటే మనిషి కూడా తేలికగా తల ఊపేస్తాడు. ఏఐ వల్ల మిగిలిన సమయం కష్టమైన స్కాన్‌ను నింపాదిగా చూడటానికి వాడితే రోగికి మేలు. అదే సమయంలో ఇంకో యాభై స్కాన్లు చదివించడానికి వాడితే పాత జబ్బే కొత్త పేరుతో తిరిగొస్తుంది.

అనవసర స్కాన్ పక్కవాడికి నష్టం

ఈ భారంలో మన వాటా కూడా కొంత ఉంది. తలనొప్పి అనగానే సీటీ రాయని డాక్టర్‌ను మంచి డాక్టర్ కాదనుకునే అలవాటు పెరిగింది. కేసు భయంతో రాసే డాక్టర్లు ఉన్నారు, కమీషన్ కోసం రాసేవారూ ఉన్నారు. అనవసర స్కాన్ వల్ల జేబుకు చిల్లు, ఒంటికి రేడియేషన్ అని మనకు తెలుసు. మూడో నష్టం ఎవరూ చెప్పరు. అది క్యూలో వెనక ఉన్న రోగిది. అక్కర్లేని ప్రతి స్కాన్ నిజంగా జబ్బున్న మనిషి బొమ్మకు దక్కాల్సిన నిమిషాలను తినేస్తుంది.

చేయాల్సింది ఏమిటి?

ప్రభుత్వాలు చేయగల పనులు ఆకాశంలో ఏమీ లేవు. టెలీరేడియాలజీ కాంట్రాక్టుల్లో ధరతో పాటు ఒక్కో డాక్టర్ రోజువారీ పరిమితి కూడా రాయాలి. రిపోర్టుల్లో కొన్నింటిని లాటరీ తీసినట్టు ఎంచి ఇంకో డాక్టర్ చేత చదివించాలి, తేడాల లెక్క ప్రజలకు చెప్పాలి. ప్రతి ఆస్పత్రిలో రిపోర్టుకు ఎంత సమయం పడుతోందో బోర్డు మీద పెట్టాలి. తప్పు ఒప్పుకున్న డాక్టర్‌ను శిక్షించడం కాక, ఆ కేసు నుంచి అందరూ నేర్చుకునే సమావేశాలు నెలనెలా జరగాలి. రేడియాలజీ పీజీ సీట్లు పెంచడం ఎలాగూ తప్పదు, కానీ ఇవాళ చేరిన విద్యార్థి మూడేళ్ల తర్వాత గానీ చేతికి రాడు. అందుకే మిగతా పనులు ఆగకూడదు.

రోగులుగా మన చేతిలో ఉన్నవి కొన్ని. పాత ఎక్స్‌రేలు, స్కాన్ సీడీలు పారేయొద్దు, కొత్త స్కాన్‌కు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి. పాతదానితో పోల్చి చూస్తే కొత్త మచ్చ ఇట్టే తెలుస్తుంది. స్కాన్ చీటీ మీద మీ బాధ ఏమిటో, ఎన్నాళ్లుగా ఉందో రాయమని డాక్టర్‌ను అడగండి. రిపోర్టు మీద చదివిన డాక్టర్ పేరు, సంతకం ఉన్నాయో లేదో చూడండి. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ఫిల్ము మీ హక్కు, మొహమాటపడకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. రిపోర్టులో "నార్మల్" అని ఉంటే, ఆ పూట ఆ బొమ్మలో ఏమీ కనబడలేదని మాత్రమే అర్థం. దగ్గు తగ్గకపోతే, బరువు పడిపోతుంటే, నొప్పి పెరుగుతుంటే నార్మల్ కాగితం చూసి ఊరుకోకండి. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అదే ఫిల్మును ఇంకొకరికి చూపించండి. 2024 ప్రపంచ రోగి భద్రతా దినోత్సవానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సరైన రోగనిర్ధారణనే అంశంగా తీసుకుంది. నివారించగలిగిన వైద్య నష్టాల్లో దాదాపు 16 శాతం రోగనిర్ధారణ తప్పుల వల్లేనని చెప్పింది. నివారించగలిగినవి అన్న మాటను గమనించండి. పోర్ట్స్‌మౌత్‌లో ఆ ముగ్గురికి కావాల్సింది కొత్త మెషిన్ కాదు, తమ ఎక్స్‌రే ముందు శిక్షణ ఉన్న ఒక మనిషి కాసేపు తీరిగ్గా కూర్చోవడం. ఆ కాస్త సమయానికి బడ్జెట్‌లో చోటు ఇవ్వమని మన ఎమ్మెల్యేను, మన ఆస్పత్రి సూపరింటెండెంట్‌ను అడగడం మొదలుపెడదాం.